పలకని ఎనిమిదో మిషను

“ఈ వైరింగ్ ఎవరు చేసింది?” అని బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు అడగ్గానే తిరుపాల్‌కు ఒళ్ళు మండింది.

“నేనే. ఏం, వంక కనపడిందా?”

“లేదు బ్రదర్, తుంబా... చాలా నీట్‌గా ఉంది. అందుకే అడిగినా.”

తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు. పొగిడినవాణ్ణి ఏం చేసుకుంటాం? తిరుపాల్ టెస్టరు జేబులో పెట్టుకుని పక్కకు జరిగినాడు.

హిందూపురం దారం మిల్లులో తిరుపాల్ ఎలక్ట్రీషియన్. సొంతూరు ధర్మవరం అవతల కనగానపల్లి. ఇంజనీరు చేతన్ తెచ్చింది అరచేతికంటే కొంచెం పెద్దదైన ఇనప డబ్బా. దాన్ని గేట్‌వే కంప్యూటర్ అంటారు. మిల్లులో పన్నెండు మిషన్ల కరెంటు మీటర్లనూ ఒకే జత తీగతో దానికి కలిపితే, అది ఒక్కోదాన్ని నంబరు పెట్టి పిలుస్తుంది. మీటరు చెప్పింది విని, సిమ్ములోంచి ఓనరు ఫోనుకు పంపుతుంది.

ఆ డబ్బాను చూసుకునే పని మేరీకిస్తానని ఓనరు మాటిచ్చినాడు. మేరీ డిప్లొమా చదివి మిల్లు గోడౌన్లో చీటీలు రాసే పిల్ల, పెనుకొండ నుంచి రోజూ రైల్లో వస్తుంది. సాయంత్రం ఆమెను స్టేషన్లో దించేది తిరుపాల్ బండే. రెండేండ్లుగా ఒక మాట గొంతుదాకా తెచ్చుకోవడం, స్టేషను గేటు కాడ దాన్ని మింగేసి రూముకు పోవడం అతనికి అలవాటైపోయింది.

సోమవారం డబ్బాకు సిగ్నల్ రాలేదు. యాంటెన్నాను ఇనప పెట్టెలో పెడితే ఎట్లొస్తుంది? చేతన్ దాన్ని పట్టుకుని రేకులపైకి ఎక్కినాడు. నిచ్చెన పట్టుకునింది మేరీ. పైనుంచి అతనేదో కన్నడంలో అన్నాడు. కిందనుంచి ఈమె కన్నడంలోనే జవాబిచ్చి పడీపడీ నవ్వింది. మేరీ అమ్మది కర్ణాటక అంచున ఉన్న మడకశిర మరి. తిరుపాల్‌కు కన్నడంలో ‘ఊట ఆయ్తా’ తప్ప ఏమీ రాదు. వాళ్ళు మాట్లాడేది అన్నం సంగతి కాదని మాత్రం అర్థమైంది.

దారం కోన్లు మోసుకుపోతున్న నరసక్క ఆగింది. “ఏమబ్బా తిరుపాలూ, నిచ్చెన ఎక్కినోడు బాగనే ఉండాడు. కింద నిలబడినోనివి, నీకెందుకు కాళ్ళు వణుకుతాండాయి?”

“నాకేం వణుకు లేదక్కా.”

“అయితే ఆ గోడ గీకడం మానుకో. సున్నం రాలతాంది.”

మంగళవారం తీగల పని. తక్కిన మీటర్లన్నీ పలికినాయి. ఏడును పిలిస్తే మాత్రం పిచ్చి అంకెలు వచ్చినాయి. ఎనిమిదిని పిలిస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. చేతన్ తీగలు అటూ ఇటూ మార్చినాడు, స్పీడు తగ్గించినాడు, తల గీరుకున్నాడు.

“ఆకాశంతో మాట్లాడతాది, పక్కనున్న మిషనుతో మాట్లాడదు” అనింది మేరీ. “తిరుపాలూ, నీకేమన్నా తెల్సా?”

తెలుసు. ఓనరుకు ఎనిమిది అచ్చిరాదు. ఆయన కారు నంబర్లోనే కాదు, మిషన్ల మీద కూడా ఎనిమిది ఉండకూడదు. అందుకే ఏడో మిషను పక్కదానిమీద ‘7అ’ అని రాయించినాడు. మీటర్లు బిగించి నంబర్లు పెట్టిననాడు ఆ మీటరు అక్షరం తీసుకోలేదు. తిరుపాల్ దానికీ ఏడే పెట్టి చేతులు దులుపుకున్నాడు. అప్పుడు ఏ మీటరు గోల దానిది. ఇప్పుడు ఒకే తీగమీద ఏడును పిలిస్తే రెండూ ఒక్కసారే పలుకుతాండాయి, అందుకే అంతా గందరగోళం. డబ్బా కోసం మేరీ రాసిన నంబర్ల ఫైల్లో మాత్రం ఆ మిషను వరసలో ఎనిమిది.

“నాకేం తెల్సు. అంత పెద్ద ఇంజనీరు ఉండాడు కదా, చూడనీ” అన్నాడు తిరుపాల్.

మేరీ ముందర ఇంజనీరు మొహం మాడితే చూడాలని అతని ఆశ. కానీ జబ్బు తగ్గందే వైద్యుడు కదలడు కదా. మంగళవారం సాయంత్రం పోవాల్సిన చేతన్ లాడ్జీలోనే ఉండిపోయినాడు. బుధవారం ఒక ల్యాప్‌టాప్ ముందర రెండు కుర్చీలు పడినాయి. గురువారానికి ఆ కుర్చీలు ఇంకా దగ్గరైనట్లు తిరుపాల్‌కు తోచింది. టేపు పెట్టి కొలుద్దామా అని కూడా అనిపించింది.

ఆ సాయంత్రం మేరీ, “పని లేటైతాది, సార్ కార్లో దించుతాడంట. నువ్వు పో” అనింది.

పోలేదు. గేటు బయట కాచుకుని కారు వెనకే స్టేషనుదాకా పోయినాడు. మేరీ దిగింది, కారు వెనక్కి తిరిగింది. అంతే. అంతేనా అని అతనికే నమ్మకం కుదరలేదు.

శుక్రవారం ఓనరు వచ్చినాడు. “ఈ ఫైలు రాసింది నువ్వే కదా మేరీ? రేపటికి కాకపోతే ఈ పనికి బెంగళూరు నుంచే మనిషిని పెట్టుకుంటా. నువ్వు మళ్ళీ గోడౌన్లో చీటీలు రాసుకో.”

మేరీ తలొంచుకునింది. చేతన్ లేచి, “ఆమెను అనొద్దు సార్. తప్పు నాదే అయ్యుంటుంది” అన్నాడు.

తిరుపాల్‌కు అదిగో, అక్కడ కాలింది. తన తప్పును కూడా వీడే ఎత్తుకుపోతాండాడు.

“ఆయప్పది కాదు సార్. నాది” అన్నాడు. ఏడు, ఏడు-అ కథంతా చెప్పి, మీటరు కాడికి పోయి బటన్లు నొక్కినాడు.

“ఎనిమిది పెట్టొద్దు” అన్నాడు ఓనరు కంగారుగా.

“లేదు సార్. పదమూడు.”

చేతన్ ల్యాప్‌టాప్‌లో నంబరు మార్చినాడు. పన్నెండు మిషన్లూ వరసగా పలికినాయి. “పని మేరీదే” అనేసి ఓనరు పోయినాడు. చేతన్ పైనున్న యాంటెన్నా బిగించను పోయినాడు.

“మంగళవారమే తెల్సా నీకు?” అనింది మేరీ.

“తెల్సు.”

“నాలుగు దినాలు నన్ను నగుబాటు చేస్తివి.”

“నిన్ను కాదు. ఆయప్పను చేద్దామనుకుంటి.”

“ఆయప్ప నీకేం చేసినాడు?”

“నువ్వు నవ్వుతాంటివి. ఆ కన్నడం నాకు రాదాయె.”

మేరీ అతన్ని తేరిపార చూసింది. “‘నీ ఎలక్ట్రీషియన్‌కు నామీద కోపమా’ అని ఆ పొద్దు నిచ్చెన మీదినుంచి అడిగినాడు. ‘నీ’ అనొద్దు సార్, ఇంగా కాలేదు అంటి. దానికే నేను నవ్వింది.”

“ఇంగా అంటే?”

“అది నువ్వు చెప్పాల.”

“నువ్వంటే నాకిష్టం మేరీ. రెండేండ్లుగా.”

“నాలుగు దినాలు దాచినందుకే నిన్ను కొట్టాలని ఉండాది. రెండేండ్లు దాచినందుకు ఏం చెయ్యాల?”

“నీ ఇష్టం.”

“ఆదివారం చర్చి అయినాక మా నాయన ఇంట్లోనే ఉంటాడు. వచ్చి ఆయనకు చెప్పు. నామాదిరి రెండేండ్లు కాచుకునే మనిషి కాదు ఆయన, రెండు నిమిషాలే టైము.”

చేతన్ బయల్దేరినప్పుడు బ్యాగు మోసింది తిరుపాలే, ఎవరూ చెప్పకుండానే. కారు బెంగళూరు రోడ్డు ఎక్కి కనుమరుగైనాక కూడా అక్కడే నిలబడినాడు.

“ఏం చూస్తాండావు?”

“నిజంగానే పోయినాడా అని.”

“పోయినాడులే. బండి తియ్, రైలుకు టైమైతాంది” అనింది మేరీ, వెనక ఎక్కి కూర్చుంటూ. “మా నాయనతో ఏం చెప్తావో దారిలో చెప్పు. నేనే మా నాయననుకో.”

“నమస్తే మామా” అన్నాడు తిరుపాల్.

వీపుమీద ఒక దెబ్బ పడింది. “అంత తొందరెందుకప్పా. ముందు నీ పేరు చెప్పు.”