షట్టర్ దించకు బావా

ఇంట్లో పిలిస్తే పలకడు గానీ, గాల్లోంచి ఎవడు పిలిచినా పలుకుతాడని హలో బావ గురించి ఆయన భార్య వీధి వీధంతా చెప్పుకునేది. అందులో అబద్ధమేమీ లేదు. బడిలో లెక్కలు చెప్పి ఇంటికి రాగానే చెప్పులు ఒక మూల, ఆయన ఒక మూల. మేడ మీద గదిలో హామ్ రేడియో ముందు కూచుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఊసులాడేవాడు. హలో బావ అని పేరు పెట్టింది బామ్మర్దే. కార్లకి వైరింగ్ పని చేసేవాడు, నోరు కాస్త ఎక్కువ, పని మాత్రం శుభ్రం.

రేడియో నేర్పిన గురువు దగ్గర హలో బావ ఒక్క మాట గట్టిగా పట్టుకున్నాడు. లైన్లో ఎవరైనా సాయం అడిగితే, వాళ్ళ దగ్గరికి మనిషి చేరేదాకా మనం కుర్చీ వదలకూడదు. ఆ మాట మీద ఎన్నో పూటలు అన్నం చల్లారబెట్టుకున్నాడు. దాని గురించి ఇంట్లో జరిగిన గొడవలు వేరే కథ.

ఈమధ్యే పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే పాత హైబ్రిడ్ కారు ఒకటి కొన్నాడు. కారు కొన్నవాడు పెళ్ళాన్ని ఎక్కించుకుని షికారుకు పోతాడా? పోడు. అందులో రేడియో పెట్టించుకుంటానని, సెలవు రోజు మధ్యాహ్నం సరాసరి బామ్మర్ది షెడ్డుకి తోలుకొచ్చాడు. మూడు వైపులా ఇనుప రేకులు, ముందు ఇనుప షట్టర్, పక్కనే వెల్డింగ్ షాపు. బయట ముసురు పట్టి ఉంది.

డిక్కీలో అడుగున ఉన్న చిన్న బ్యాటరీ దగ్గర కార్పెట్ ఎత్తగానే బామ్మర్ది కేకేశాడు. "బావా, ఇటు చూడు!"

బ్యాటరీ దగ్గర్నుంచి లావుపాటి వైర్లు రెండు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు, వెనక సీటు కింద నుంచి డాష్‌బోర్డు దాకా పోయి ఉన్నాయి. ఎంతో పొందికగా వేశారు. ముందు వైపు మాత్రం కోసేసి టేపు చుట్టారు.

"ఈ కారు ముందు ఓనరూ నీ బాపతే. రేడియో పెట్టించుకున్నాడు."

"మరి తీసేశాడేం?"

"ఆయన తీశాడో, అమ్మేటప్పుడు ఇంట్లోవాళ్ళే కోసేశారో. నీకైతే సగం పని కలిసొచ్చింది. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు, ఇదే."

ఆ పాత వైర్లకే రేడియో కలిపారు. పైకప్పు మీద యాంటెన్నా నిలబెట్టారు. చివర్లో చూస్తే, లైన్లో ఫ్యూజు ఉండాల్సిన డబ్బీ ఖాళీగా ఉంది. అది లేకపోతే రేడియోకి కరెంటు అందదు. తెచ్చేస్తానని బామ్మర్ది గొడుగు తీశాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"బావా, బ్యాటరీ దిగిపోకుండా కారు ఆన్‌లోనే ఉంచాను. చప్పుడు లేదని ఆగిపోయిందనుకోకు. పెద్ద బ్యాటరీ తగ్గితే ఇంజను దానంతటదే స్టార్టవుతుంది. ఆ పొగ బయటికి పోవాలి, లేకపోతే మనిషి కూచున్నచోటే పోతాడు. ఏం చేసినా చెయ్యి గానీ షట్టర్ దించకు."

"లెక్కల మాస్టారికి చెప్పాలట్రా?"

"మాస్టారివి కాబట్టే రెండుసార్లు చెబుతున్నా. షట్టర్ దించకు బావా."

వాడు వెళ్ళాడు. హలో బావ డ్రైవరు సీట్లో కూచుని టీ సగం తాగి, గ్లాసు కిటికీ పక్కనున్న స్టూలు మీద పెట్టాడు. చిన్నపిల్లాడికి కొత్త బొమ్మ ఇచ్చి ఆడుకోవద్దంటే ఆగుతాడా? ఊరికే, వేలికి ఎలా అందుతుందో చూద్దామని స్విచ్చి నొక్కాడు.

రేడియో వెలిగింది.

బామ్మర్ది తాత్కాలికంగా ఏదో చేసి వెళ్ళుంటాడనుకున్నాడు. సంతోషంలో అంతకుమించి ఆలోచించలేదు. స్పీకర్లో ఒకటే బరబర. పక్క షాపులో వెల్డింగ్ మెరిసినప్పుడల్లా ఆ రొద చెవులు కొరికేస్తోంది. ఆ రొద అడుగున, ఎక్కడో లోతుగా, ఒక గొంతు.

"...ఎవరైనా... ఉన్నారా..."

మైకు అందుకుని పలికాడు. జవాబు రొదలో కొట్టుకుపోయింది. ఈ రేకుల షెడ్డుకి షట్టర్ కూడా వేస్తే వెల్డింగ్ రొద లోపలికి రాదు. ఒక్క నిమిషం చాలు. దిగి షట్టర్ లాగేశాడు. బామ్మర్ది మాట గుర్తు లేక కాదు. కానీ కారు నిశ్శబ్దంగా ఉంది. నిశ్శబ్దంగా ఉన్న కారు ఆగిపోయిన కారే అని, ఇన్నేళ్ళు పెట్రోలు బండి నడిపిన బుర్ర దానంతటది అనేసుకుంది.

మళ్ళీ వచ్చి కూచునేసరికి షెడ్డంతా చీకటి. రేడియో అద్దంలోంచి వచ్చే పచ్చటి వెలుగొక్కటే. తడి రేకుల వాసన, గ్రీజు వాసన. రొద పూర్తిగా ఆగిపోయింది.

"ఎవరైనా ఉన్నారా?" ఈసారి స్పష్టంగా వినిపించింది. పెద్దవయసు మగ గొంతు, మర్యాదగా ఉంది.

"ఉన్నానండి! బాగా వినిపిస్తున్నారు. చెప్పండి."

"అమ్మయ్య... చాలాసేపట్నుంచి పిలుస్తున్నాను. నాకు కాస్త సాయం కావాలి. కారులో ఉన్నాను. చేతులు కదలడం లేదు. మీరు వెళ్ళిపోరు కదా?"

హలో బావ వెన్ను నిటారుగా అయింది. ఎన్నేళ్ళుగానో ఇలాంటి పిలుపు కోసమే కాచుకున్న మనిషి. "వెళ్ళనండి. మీ దగ్గరికి మనిషి వచ్చేదాకా లైన్లోనే ఉంటాను. నాదీ మాట."

"మాటిచ్చారు... చాలా సంతోషం."

సీటు కింద సన్నటి వణుకు మొదలైంది. పక్క షాపులో మోటారు కాబోలనుకున్నాడు.

"మీరెక్కడున్నారో చెబితే ఎవర్నైనా పంపిస్తాను."

"షెడ్డులో. షట్టర్ వేసి ఉంది."

"ఎందుకు వేశారండీ?"

"బయట రొద... ఏమీ వినిపించలేదు. ఒక్క నిమిషమే కదా అని వేశాను."

హలో బావ రేడియో మీదికి వంగాడు. అప్పుడు చూశాడు రేడియో మీదున్న మీటరు. ముల్లు చివరిదాకా పోయి ఆగి ఉంది. దూరం నుంచి వచ్చే గొంతుకి ముల్లు అలా నిలబడదు. పైగా నాలుగు వైపులా ఇనుము. వెల్డింగ్ రొదే లోపలికి రావడం లేదు. మరి ఈ గొంతు ఎలా వచ్చింది?

"మీ... మీ చుట్టూ ఏముందండీ?"

"చీకటిగా ఉంది. కిటికీ పక్కన స్టూలు. స్టూలు మీద గ్లాసు. సగం టీ ఉంది."

చెయ్యి రేడియో వెనక్కి పోయింది. తడుముకుని యాంటెన్నా తీగ పీకేశాడు.

"ముందు సీట్లో ఎవరో ఉన్నారండీ," అంది గొంతు. ఏమాత్రం తగ్గలేదు. "తల వెనక్కి వాలిపోతోంది. పాపం, ఆయనా కదలట్లేదు."

స్విచ్చి నొక్కాడు. పచ్చటి వెలుగు ఆరిపోయింది. చిమ్మచీకటి... ఇంజను గుర్‌ర్ మంటున్న చప్పుడు ఇప్పుడు తెలిసింది. కణతలు పగిలిపోతున్నాయి. గొంతు మాత్రం ఆగలేదు. ఇప్పుడది స్పీకర్లోంచి రావడం లేదు. మెడ వెనక నుంచి, గుసగుసగా...

"దిగుతారా ఏమిటి? మాటిచ్చారు కదండీ..."

వెనక్కి తిరగలేదు. వెనక సీటు కనిపించే చిన్న అద్దంలోకి చూడకుండా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. భార్య గుర్తొచ్చింది. పొద్దున ఆవిడ పిలిస్తే పలకలేదు. పలకాల్సింది. తలుపు పిడి వేళ్ళకి తగిలింది గానీ వేళ్ళు ముడుచుకోలేదు. టక్... లాకు పడిన చప్పుడు. అరవబోయాడు. ఊపిరి గొంతు దాటలేదు.

"ఒక్కణ్ణే ఉన్నానండీ... ఎంతకాలంగానో..."

షట్టర్ భళ్ళున లేచింది.

తర్వాత గుర్తున్నది కిటికీలోంచి లాకు తీసిన చెయ్యి, చంకల కింద బామ్మర్ది చేతులు, మొహం మీద వాన. రోడ్డంచున తడి నేల మీద పడుకోబెట్టి వాడు తిట్టని తిట్టు లేదు. తిడుతూనే ఏడ్చాడు. "రెండుసార్లు చెప్పాను కదా! అక్కకి నేనేం సమాధానం చెప్పాలి? ఇంకాస్త ఆలస్యమైతే..."

హలో బావ నీళ్ళు తాగి, ఊపిరి కూడదీసుకుని, రేడియోలో వచ్చిన గొంతు గురించి చెప్పాడు. బామ్మర్ది తిట్లు మధ్యలో ఆగిపోయాయి. జేబులోంచి కాయితం పొట్లం తీసి విప్పాడు. లోపల ఫ్యూజు.

"ఇదింకా పెట్టలేదు బావా. రేడియో ఎలా వెలుగుతుంది?"

లోపలికి పోయి కారు ఆపాడు. నాలుగు తలుపులూ బార్లా తెరిచాడు. ఆ పాత వైర్లని కటింగ్ ప్లయరుతో తెగ్గోసి, రేడియో ఊడబీకి తెచ్చి, వాన పడని చోట స్టూలు మీద పెట్టాడు. వైర్ల కొసలు రెండూ కిందికి వేలాడుతున్నాయి. హలో బావ వాటిని చూసి, చాలాసేపటి తర్వాత మొదటిసారిగా, గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. చుట్టూ ఆకాశం, వాన, రోడ్డు. ఇక భయం లేదు.

"మాస్టారూ..."

స్టూలు మీద నుంచి వచ్చింది.

"మాస్టారూ... లైన్లో ఉన్నారా?"

పలకకూడదు. హలో బావ రెండు చేతులతోనూ నోరు గట్టిగా మూసుకున్నాడు. పళ్ళు బిగించాడు. బామ్మర్ది చేతిలో కటింగ్ ప్లయరు జారి పడింది. వాడికీ వినిపించింది.

బామ్మర్ది స్టూలు దగ్గర్నుంచి వెనక్కి వెనక్కి జరిగాడు.

తర్వాత ఆ పెట్టెలోంచే జవాబు వచ్చింది. నింపాదిగా, మర్యాదగా, అచ్చం హలో బావ గొంతుతో.

"ఉన్నానండి. చెప్పండి... నేనెక్కడికీ పోలేదు."