మాట అందించే కూతురు

లండన్‌లో, కెన్నింగ్టన్‌లో, ఆ వీధి చివరింట్లో పొద్దున్నే టీ నీళ్ళు మరిగే వేళకి ఎవరో ఒకరి ప్రాణం పోతూనే ఉండేది. లేదా ఒక రాణి రాజ్యం పోగొట్టుకునేది, అదీ కాకపోతే ఒక తల్లి ఆఖరి కొడుకుని యుద్ధానికి సాగనంపేది. పాలసీసాలు వేసే మనిషి కొత్తలో హడలిపోయి పోలీసుని పిలుచుకొచ్చాడట. వచ్చిన పోలీసు గుమ్మంలో నిలబడి అంకమంతా విని, టోపీ తీసి కళ్ళు తుడుచుకుని, ఎవర్నీ పట్టుకోకుండానే వెళ్ళిపోయాడని ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ ఇల్లు మ్యూరియల్ ప్యాస్కోది. పదిహేడేళ్ళప్పుడు స్టేజీ ఎక్కింది, ఎనభై మూడొచ్చినా దిగలేదు. నడుమ సినిమాలు, టీవీ, రాణీగారి చేతి మీదుగా డేమ్ అనే బిరుదు. ఆవిడ గురించి చెప్పుకునేవాటిలో సగం కోతలు తీసేసినా మిగిలింది చాలు. మాంచెస్టర్‌లో ఒకసారి నాటకం నడుమ కరెంటు పోతే చీకట్లోనే ఆడేసిందట, లైట్లు తిరిగొచ్చాక జనమే ఆర్పెయ్యమని గోల చేశారట. ఏదో సినిమాలో ఆవిడ ఉల్లిపాయ తరుగుతుంటే హాల్లో వెనక వరసవాళ్ళకి కూడా కళ్ళు మండాయట.

ఇవన్నీ ఊళ్ళోవాళ్ళకి. కూతురు జిల్‌కి మాత్రం అమ్మ అంటే వంటింటి బల్లకి అవతలి వైపు కూర్చుని, కళ్ళు మూసుకుని డైలాగులు అప్పజెప్పే మనిషి. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన ఏడే స్క్రిప్టు జిల్ చేతికొచ్చింది. అమ్మ చెబుతుంటే కాగితం మీద చూసుకోవాలి, ఎదటివాళ్ళ మాటలన్నీ తనే చదవాలి, తడబడితే మాట అందించాలి. అలా ఆ బల్ల దగ్గర జిల్ వాళ్ళమ్మకి మొగుడైంది, శత్రువైంది, దయ్యమైంది, ఒక పూట గుర్రం కూడా అయింది. కూతురి వేషం మాత్రం ఎప్పుడోగాని దొరికేది కాదు. మ్యూరియల్ ఆడిన నాటకాల్లో కూతుళ్ళు తక్కువ.

ఇప్పుడు జిల్‌కీ అరవై దాటాయి. తనుండే క్యాట్‌ఫర్డ్ నుంచి రెండు బస్సులు మారి తెల్లారేసరికి వస్తుంది, అమ్మ పోర్షన్ విని, అక్కణ్ణుంచి తను పనిచేసే కళ్ళజోళ్ళ కొట్టుకి పోతుంది. ఈ ఏడు వేషం సముద్రం ఒడ్డున లైట్‌హౌసు కాపలాదారు పెళ్ళాం. తెర లేచిన దగ్గర్నుంచి పడేదాకా ఆవిడే మాట్లాడాలి. ఆ మాటలేమో ఎక్కడం లేదు. ఇవాళ ఎక్కిన పేజీ రాత్రి నిద్రలో దిగిపోతోంది. రోజూ మళ్ళీ మొదటికే. ఇద్దరికీ ఒళ్ళు కాదు, చెప్పిందే చెప్పుకుని మనసు అలిసిపోయింది.

ఆ ఉదయమూ అంతే. కోడిగుడ్డు పెంకు పగలగొడుతూ మ్యూరియల్ మొదలుపెట్టింది, నాలుగో వాక్యం దగ్గర ఆగింది. జిల్ అందించింది. మళ్ళీ ఆగింది, మళ్ళీ అందించింది. ఇంతలో బల్ల మీద ఫోను మోగింది. ఆవిడకి చెవుడు కాబట్టి గొంతు ఇల్లంతా వినిపించేలా పెట్టుకుంటుంది. అవతల దర్శకుడు టోబీ, మనవడి వయసువాడు. పాపం సంతోషంగానే చెప్పాడు. జిల్ అడిగిన ఆ చెవి మిషను తెప్పించామనీ, శనగగింజంతే ఉంటుందనీ, తెర వెనక నుంచి ఎవరో ఒకరు డైలాగులు చదువుతుంటే ఈవిడ విని చెప్పుకుపోవచ్చనీ, ముందు వరసవాడికి కూడా తెలియదనీ.

మ్యూరియల్ ఎంతో మర్యాదగా థాంక్స్ చెప్పి ఫోను పెట్టేసింది. టోస్టు మీద నారింజ జాము అంచుల దాకా రాసింది. తినలేదు.

"ఎప్పుడు చెప్పావు వాళ్ళకి?"

"పోయిన వారం."

"నాతో ఒక్క మాట అనకుండా."

"అంటే ఒప్పుకునేదానివా అమ్మా? మొదటి పేజీ దాటడం లేదు మనం. ఈ వయసులో పెట్టుకుని ఆడేవాళ్ళు చాలామందే ఉన్నారట. నువ్వొక్కదానివి పెట్టుకుంటే పరువు పోతుందా?"

మ్యూరియల్ కుర్చీ వెనక్కి జరిపి లేచింది. వంగిన నడుము నిటారైంది. గొంతు ఎక్కడో పాతాళం నుంచి వచ్చింది. "నా పాలు తాగిన నోటితోనే నా పేరు బజార్లో అమ్మేశావా? నిన్ను మోసిన కడుపు ఇప్పుడు బరువెక్కిందే."

కిటికీ అద్దాలు అదిరాయంటే అతిశయోక్తి కాదు. జిల్ కదల్లేదు. "అది లీడ్స్‌లో ఆడావు. రెండో అంకం చివర. ఆ మాట తర్వాత కుర్చీ తన్నాలి."

మ్యూరియల్ కుర్చీ వంక చూసింది. తన్నే ఓపిక ఎక్కడుంది. ఈసారి గొంతు మెత్తబరిచి, మీ నాన్న బతికుంటే నన్నింత మాట పడనిచ్చేవాడా అని మొదలుపెట్టింది.

"నాన్న జోలికి రాకు," అంది జిల్. అరవలేదు, అలిసిపోయినట్టే అంది. "నాన్నని పూడ్చిన రోజు నువ్వు మాట్లాడావు చూడు, చర్చి చర్చంతా ఏడ్చింది. పాదిరీ కూడా ఏడ్చాడు. నేనే ఏడవలేదు. ఎందుకో తెలుసా? ఆ పోర్షన్ అంతకు ముందు ఏడే నీ దగ్గర విన్నాను. కామా ఎక్కడుందో కూడా తెలుసు నాకు. మా నాన్నకి నీ సొంత మాట ఒక్కటి దొరకలేదా అమ్మా?"

మ్యూరియల్ కూర్చుంది. కూర్చోవడం కూడా ఏ నాటకంలోలాగానూ లేదు. బల్ల పట్టుకుని, తడుముకుని, ముసలావిడ కూర్చున్నట్టు కూర్చుంది.

"నేను..." అంది. ఆగిపోయింది.

జిల్ నోరు ఊరుకోలేదు. జన్మంతా అలవాటైన పని. "నాకు భయమేస్తోంది," అని అమ్మ అనబోయే మాట తనే అందించేసింది.

మ్యూరియల్ అరచెయ్యి ఎత్తింది. "అందించకు."

"మర్చిపోయావేమోనని."

"మర్చిపోలేదే. ఇది ఎవరూ రాసిపెట్టలేదు. నేనే వెతుక్కోవాలి. కాస్త ఆగు."

జిల్ నాలుక కరుచుకుని కూర్చుంది. బయట బస్సు వచ్చి ఆగి వెళ్ళింది. కొళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. స్టేజీ మీద అంతసేపు ఎవరైనా మాట్లాడకుండా ఉంటే జనం లేచి టిక్కెట్టు డబ్బులు తిరిగిమ్మనేవాళ్ళు.

"ఈ వేషం నాకు రాదని ఒప్పుకోకముందే తెలుసు," అంది చివరికి మ్యూరియల్. "చదివిన రోజే తెలుసు. నా బుర్రలో... అదేంటి, అల్మరాలో అర జారిపోతే పెట్టినవన్నీ కింద పడతాయి చూడు. అలా ఉంది."

"మరి ఎందుకు ఒప్పుకున్నావు?"

"కిందటి నాటకం అయిపోయాక నువ్వు ఎన్నిసార్లు వచ్చావు?"

జిల్ లెక్కేసుకుంది. క్రిస్మస్‌కి వచ్చింది. అమ్మ పుట్టినరోజుకి పువ్వులు పంపింది.

"వేషం ఉంటే రోజూ వస్తావు," అంది మ్యూరియల్. "వానొచ్చినా వస్తావు. ఆ కుర్చీలో కూర్చుంటావు. వేషం లేకపోతే నిన్ను ఏమని పిలవను? ఊరికే రమ్మంటే... రెండు బస్సులాయె. అందుకని ఒప్పుకున్నాను. అబద్ధమాడాననుకో. నీ కోసమే అని కాదు. నా కోసమే. నువ్వొచ్చి కూర్చుంటే బాగుంటుంది."

జిల్ మనసు తన ప్రమేయం లేకుండానే పాత నాటకాలన్నీ తిరగేసింది. ఏ ఊళ్ళో ఆడినది, ఎన్నో అంకంలోది ఈ మాట? ఎక్కడా దొరకలేదు. దొరకదు కూడా. ఇంత వంకరటింకరగా, ముందుది వెనకా వెనకది ముందూ పెట్టి రాసే రచయిత ఎవడుంటాడు? అది తెలిసేసరికి ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"నీకు నాతో పని స్క్రిప్టు పట్టుకోవడం వరకేననుకున్నానే అమ్మా," అంది ఏడుపులోంచి. "ఊరికే వస్తే, నీకు అడ్డమేమోనని రాలేదు."

"ఎంత తెలివి తక్కువవాళ్ళం," అంది మ్యూరియల్. "ఇద్దరికిద్దరం."

ఆ తర్వాత టోబీకి ఆవిడే ఫోను చేసింది. గొంతు పెంచలేదు, దించలేదు. నాకు గుర్తుండటం లేదు నాయనా, తప్పుగా ఒప్పుకున్నాను, ఇంకెవరినైనా చూసుకో అని మామూలుగా చెప్పింది. జనం లేని చోట, వంటింట్లో, ఇంట్లో వేసుకునే గౌనుతో ఆ పెద్ద నాటకాల కొలువు ముగిసింది. మ్యూరియల్ చల్లారిన గుడ్డు తినేసింది. ఆకలేసింది పాపం.

మర్నాడు జిల్ ఎప్పటి వేళకే వచ్చింది. టీ పోసుకున్నారు. ఎదురెదురుగా కూర్చున్నారు. తీరా చూస్తే మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. ఒకరి మొహం ఒకరు చూసి నవ్వుకున్నారు, మళ్ళీ సర్దుకున్నారు. నడుమ కాగితాలు లేకపోతే బల్ల అంత చిన్నదని ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

"మెట్లెక్కేటప్పుడు కుడికాలు ఈడుస్తున్నావేం?" అంది మ్యూరియల్.

"మోకాలు. రెండేళ్ళయింది."

మ్యూరియల్ కప్పు కింద పెట్టింది. వేషం ఉన్నన్నాళ్ళూ రోజూ ఎదురుగా కూర్చున్న మనిషి. "ఎలా మొదలైందో చెప్పు."

జిల్‌కి చెప్పడం చేతకాదు. కొట్టు దగ్గర జారిపడటం గురించి మొదలుపెట్టి, డాక్టరు దగ్గరికి పోయి, మళ్ళీ వెనక్కొచ్చి, నడుమ మాట దొరక్క ఆగిపోయింది. మ్యూరియల్ మాట అందించలేదు. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, కూతురు వెతుక్కునేదాకా అలా చూస్తూ కూర్చుంది.