పుట్టింటి చీర

కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తున్నాను. గుణదలలో మా అక్క అమలమ్మ పోయిందని కబురొచ్చింది. మాలో పుట్టింటి చీర కప్పందే శవపెట్టె మూత వెయ్యరు. పుట్టింటి తరఫున మిగిలింది నేనొక్కదాన్నే. నువ్వొస్తేనే ఎత్తుతాం పిన్నీ అని, వాళ్లబ్బాయి జయపాల్ శవాన్ని ఫ్రీజర్ పెట్టెలో పెట్టించాడు.

అక్కతో నాకు మాటల్లేవు. ఈ జయపాల్ పెళ్లికే నాకు తను కట్టి విడిచిన నీలం చీర పెట్టింది. కొంగున చేపల పులుసు మరక కూడా పోలేదు. మొహాన విసిరికొట్టి వచ్చేశాను. నేను అలాంటిదాన్ని కాను. మడత విప్పని తెల్ల పట్టుచీర కొని చేతిసంచిలో పెట్టుకుని బయల్దేరాను.

షార్జాలో విమానం మారాలి. అక్కడ దుమ్ము తుఫాను లేచి విమానాలన్నీ రద్దయ్యాయి. మళ్లీ ఎప్పుడో చెప్పే నాథుడు లేడు. తీసుకెళ్లి ఒక హోటల్లో పడేశారు. మిట్టమధ్యాహ్నం, కిటికీ అవతలంతా మట్టిరంగు చీకటి. ముక్కిపోయిన తివాచీ, సింకులో ఎవరివో వెంట్రుకలు. వాళ్ల దుప్పటి లాగి పారేసి, నా తువ్వాలు పరుచుకుని, సంచి తలకింద పెట్టుకుని ఒరిగాను.

ఫోన్లో జయపాల్ ఏడ్చినంత పని చేశాడు. పొద్దుట్నుంచీ కరెంటు లేదట. ఇక ఆగేట్టు లేదు పిన్నీ అన్నాడు. ఏది ఆగేట్టు లేదో నేనడగలేదు.

కన్ను మూతపడిందో లేదో... వాసన. ముందు మురుగు అనుకున్నాను. కాదు. బుట్టలో మర్చిపోయిన రొయ్యలు కుళ్లితే వచ్చే వాసన. నోట్లోకి దిగింది. ఉమ్మినా పోలేదు. ఏసీ మోత ఆగింది. మంచం కింద టప్... టప్... నీళ్లు.

తలకింద జిప్పు మెల్లగా కదిలింది.

"శౌరీ... చలేస్తుందే."

అక్క గొంతే. అందులో ఏదో జారుతోంది. కళ్లు తెరవలేదు. తడి చెయ్యి చెంపకి తగిలింది. చెయ్యి పోయింది... తోలు కొంచెం నా చెంప మీదే ఉండిపోయింది.

"కొత్తదేనా?"

మరియమాతని తలుచుకున్నాను. "కొత్తదే" అన్నాను. ఆ పెళ్లి తర్వాత ఆమెతో ఆడిన మాట అదే.

లైటు వేస్తే ఎవరూ లేరు. చెంప మండేదాకా తోముకున్నాను. సంచి జిప్పు వేసే ఉంది. విప్పబుద్ధి కాలేదు.

మర్నాడు గన్నవరంలో దిగి సరాసరి గుణదల వెళ్లాను. సమాధి కూడా అయిపోయింది. పుట్టింటి చీర లేకుండా ఎట్లా మూశావురా అని జయపాల్‌ని అందరి ముందూ కడిగేశాను. వాడు నా వంక వింతగా చూశాడు.

"నిన్న మధ్యాహ్నం ఎవరిచేతో పంపావుగా పిన్నీ, తెల్ల పట్టుచీర. మేం చూసేసరికే కప్పి ఉంది."

నా చెయ్యి సంచి జిప్పు మీదికి పోయింది.

"అమ్మకి కట్టిన నీలం చీరే... ఏమైందో కనబడలేదు. నువ్వు వద్దని విసిరేసిందే. అదే కట్టమని పోయేముందు చెప్పింది."

సంచి నా ఒళ్లో ఉంది. విమానంలో పొడిగానే ఉంది. ఇప్పుడు అడుగునుంచి నా కుచ్చిళ్లు తడుస్తున్నాయి. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు.