ఆరని సిరా గుండ్రం

"విషం కాదు, తూటా కాదు. మందు సూదితోనే ఇద్దర్ని చంపేశారు," అన్నాడు చీఫ్.

1963. వికారాబాద్ గెస్ట్‌హౌస్. ఏజెంట్ మహేందర్ ఫైల్ తెరిచాడు. రక్షణ శాఖ కోసం తాండూరు క్వారీల్లో ఖనిజం జాడ పట్టిన సర్వేయర్లు ముగ్గురు. అందులో ఇద్దరు ధనుర్వాతం రాకుండా ఇచ్చే సీరం వేయించుకున్న నిమిషాల్లోనే పోయారు.

"అది గుర్రపు రక్తం నుంచి తీసే సీరం. కొందరి ఒళ్లు మొదటిసారే దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి వెళ్తే తిరగబడి మనిషినే చంపేస్తుంది. అందుకే ముందు చర్మం కింద చుక్క ఎక్కించి, చుట్టూ సిరాతో గుండ్రం గీసి, అరగంట చూస్తారు. ఉబ్బితే సూది వెయ్యరు. మూడోవాడు నర్సప్పకి మొదటి సూది పడి నెలైంది. విదేశీ ముఠా రెండోదానికి కాచుకుని ఉంది. క్వారీ డిస్పెన్సరీ నర్సు సంతోషమ్మ మన మనిషే," అని చీఫ్ వివరించాడు.

'మన మనిషే' అన్న మాట వింటే చాలు, మహేందర్‌కి అనుమానం మొదలవుతుంది.

మందుల కంపెనీ ఏజెంటు వేషంలో అతను క్వారీ డిస్పెన్సరీ చేరేసరికి నర్సప్ప బల్ల మీద ఉన్నాడు. బూటులో ఎవరో పెట్టిన తుప్పు మేకు అరికాల్లో దిగింది.

"అనంతగిరిల వాన పడ్డదా?" మహేందర్ కోడ్ విసిరాడు.

"మూసీ నిండినంక చెప్త," సంతోషమ్మ నవ్వింది. కోడ్ సరిగ్గానే ఉంది. నవ్వు అంతకంటే అందంగా ఉంది. అదే అతనికి నచ్చలేదు.

"టెస్ట్ డోస్?"

"అయిపోయింది, చూడుండ్రి." నర్సప్ప చేతి మీద సిరా గుండ్రం. వాపు లేదు.

"ఫికర్ లేదు సార్. పోయిన నెల సుత ఏస్కున్న, ఏం కాలే," అన్నాడు నర్సప్ప.

గది ఊడుస్తున్న హన్మమ్మ గొణిగింది. "దెబ్బ తాకినోళ్లంత గా అరుగు మీద అరగంట కూసుంటరు. ఇయ్యాల ఒక్కరు కూసోలే."

మహేందర్ గుండ్రాన్ని బొటనవేలితో రుద్దాడు. సిరా వేలికి అంటింది!

అదే క్షణంలో సంతోషమ్మ నర్సప్పకి సూది దించేసింది. మహేందర్ సిరంజి లాగి పగలగొట్టేలోపే కొంత మందు లోపలికి పోయింది. నర్సప్ప పెదవులు ఉబ్బాయి, ఊపిరి ఆడటం లేదు. మహేందర్ జేబులోని పెన్ను మూత విప్పాడు. అందులో ఉన్నది ఆ తిరుగుబాటును అణిచే మందు, అడ్రినలిన్. తొడలో గుచ్చాడు.

సంతోషమ్మ గుమ్మం వైపు పరుగెత్తింది. హన్మమ్మ చీపురు అడ్డం పెట్టింది. "యాడికి పోతవ్? అరగంట కూసో!"

ఒక నిమిషం, రెండు నిమిషాలు. నర్సప్ప దగ్గి, గట్టిగా ఊపిరి పీల్చాడు. మహేందర్‌కి అప్పుడు ప్రాణం లేచొచ్చింది.

బేడీలతో జీపెక్కుతూ సంతోషమ్మ అడిగింది. "ఎట్ల పట్టినవ్?"

"సిరా ఆరేదాకా కూడా ఆగలేదు నువ్వు."

"సారూ, మీ చెయ్యి పగిలిన సిరంజి గాజుకు తెగింది," అంది హన్మమ్మ. "మీరు సుత సూది ఏపిచ్చుకోండ్రి."

మహేందర్ వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. "వేరే నర్సుని పిలిచి గుండ్రం గియ్యమను. అరగంట కాదు, నేను గంట కూర్చుంటా."