ఎడమ చేతి జవాబు

పెద్దాడా, నడిపిదానా, దగ్గరగా రండి. ఈ కథ మీకెప్పుడూ చెప్పలేదు. చెల్లి నిద్రపోయింది గనక ఇప్పుడు చెబుతున్నాను.

ఒక ఆసుపత్రి పరీక్షగదిలో గడియారమ్మ పనిచేసేది. మెడలో ఎప్పుడూ సెకన్లు లెక్కపెట్టే గడియారం వేలాడుతుండేది కాబట్టి ఆ పేరు. నియమమంటే ప్రాణం పెట్టేది.

ఆ మధ్యాహ్నం ఆమె ముందు కూర్చున్నది ఒక దర్జీ. మూర్ఛలు తగ్గాలని డాక్టర్లు ఆవిడ మెదడులో రెండు సగాలనూ కలిపే నరాల కట్టను కోసేశారు. అప్పటినుంచి ఒక సగం చూసింది రెండో సగానికి తెలియదు. మాట్లాడేదీ, కుడి చేతిని ఆడించేదీ ఎడమ సగం. కుడి సగానికి నోరు లేదు, ఎడమ చెయ్యి ఒక్కటే దిక్కు. ఎదురుగా ఉన్న తెరకు ఎడమ పక్కన మాట మెరిస్తే అది చూసేది కుడి సగమే, అందుకే నోరు ఏమీ కనపడలేదంటుంది. గుడ్డ కింద దాచిన ఎడమ చెయ్యి మాత్రం జవాబు రాసేస్తుంది.

అదే చివరి పరీక్ష. నెగ్గితే ఇంటికే. బయట వరండాలో ఆరేళ్ల కూతురు అమ్మ కోసం కాచుకుని ఉంది.

కిటికీలు మూసిన గది. స్పిరిట్ వాసన. కార్డుల మీది మాటల్ని తెర మీద మెరిపించే దీపం వేడెక్కి, దుమ్ము కాలుతున్న వాసన. టిక్... టిక్...

"తొందరగా కానివ్వండమ్మా, సగం కుట్టిన చొక్కాలు నన్ను తిట్టుకుంటుంటాయి" అంది దర్జీ నవ్వుతూ. "ఒక్క బుర్రతోనే మా ఆయన్ని ఓడించేదాన్ని. ఇప్పుడు రెండు!"

జవాబులన్నీ సరిగ్గా వచ్చాయి. జాబితాలో లేని ప్రశ్న అడగకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. కానీ ముచ్చటేసి గడియారమ్మ ఒక ఖాళీ కార్డు మీద తనే రాసి ఎడమ పక్కన మెరిపించింది: ఇంటికి వెళ్తావా?

"ఏమీ కనపడలేదండీ" అంది దర్జీ.

గుడ్డ కింద పెన్సిల్ కదిలింది. వద్దు.

గడియారమ్మ మళ్లీ రాసింది. ఇంకో కార్డు. ఎందుకు?

పెన్సిల్ కాగితాన్ని చింపుతూ రాసింది. మాట్లాడేది నేను కాదు.

టిక్... టిక్...

దర్జీ ముందుకు వంగింది. నవ్వు చెదరలేదు.

"ఎందుకని అడిగారు కదూ... దాన్ని?"

ఆ మాట నోటికి తెలిసే దారే లేదు. కాగితం తీయబోతుంటే గుడ్డ కింద ఎడమ చెయ్యి గడియారమ్మ వేళ్లను పట్టుకుంది. మంచులా ఉంది. వదలలేదు.

డాక్టరుకు చెబితే నియమం తప్పానని ఒప్పుకోవాలి. కార్డులు, కాగితం చింపి గడియారమ్మ జేబులో కుక్కుకుంది. 'అన్నీ సరి' అని రాసి సంతకం పెట్టింది.

వరండాలో దర్జీ కుడి చెయ్యి పిల్ల చెయ్యి పట్టుకుని లాగింది. ఎడమ చెయ్యి పిల్ల భుజంలో గోళ్లు దించి, గడియారమ్మ వైపు తోసింది. మళ్లీ మళ్లీ తోసింది.

"ఈ చేతికి బుద్ధి లేదండీ" అంటూ నోరు నవ్వింది.

కుడి చెయ్యే గెలిచింది.

నా భుజం మీద మచ్చేమిటని అడుగుతుంటారు కదా. ఆ పిల్లను నేనే. గడియారమ్మ చాలా ఏళ్లకు నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఏడుస్తూ ఇదంతా చెప్పింది. అప్పటికే నాకు సగం తెలుసు. ఆ ఇంట్లో, అమ్మ నోరు నిద్రపోయినప్పుడల్లా ఎడమ చెయ్యి మెల్లగా వచ్చి నా అరచేతిలో రాసేది. ఇంకా ఉన్నాను.

అమ్మ పోయాక మిమ్మల్ని తీసుకుని ఇంత దూరం వచ్చేశాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం చెల్లిని జోకొడుతున్నాను. కళ్లు మూసుకునే ఉంది. దాని ఎడమ చెయ్యి వచ్చి నా అరచెయ్యి తెరిచి, వేలితో రాసింది. మాట్లాడేది నేను కాదు.

చెల్లికింకా అక్షరాలు రావు.

నాకేమైనా అయితే ఈ కథ చెల్లికి మీరే చెప్పండి. నోటితో వద్దు. దాని ఎడమ అరచేతిలో రాయండి.