ఇరవై రెండో టోకెన్

2025 సెప్టెంబరు 21, ఆదివారం, మహాలయ అమావాస్య. సాయంత్రం ఆరూ నలభై. వేళ ఎందుకు గుర్తుందంటే, దేవుడి దీపంలో రెండో ఒత్తి వేసి అప్పుడే గోడ గడియారం చూశాను. పెరటి గదిలో మా కోడలు అరుణశ్రీ తన పని మొదలుపెట్టింది.

మాది రాజాం చివర, వరిచేలకు ఆనుకున్న ఇల్లు. అబ్బాయి ధర్మేంద్రకు కొత్తవలస రైల్వేలో ఉద్యోగం. ఆ రోజు డ్యూటీకి వెళ్ళాడు. ఇంట్లో మేమిద్దరమే. అరుణశ్రీకి ఏడో నెల. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఈసారైనా నిలవాలని నేను మొక్కని దేవుడు లేడు. డాక్టరమ్మ ప్రయాణాలు వద్దన్నాక, ఇంట్లోంచే చేసుకోవచ్చని సాఫ్ట్‌వేర్ టెస్టింగు నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకుంది. విశాఖపట్నంలో ఏదో కంపెనీ ఆసుపత్రులకు టోకెన్ల యాప్ తయారుచేస్తోంది. దాంట్లో తప్పులు పట్టడం ఈ పిల్ల పని.

"నువ్వు నొక్కకుండా అదెలా నొక్కుతాదే?" అని, తనంతట తానే పనిచేసే కంప్యూటరును చూసి మొదట్లో అడిగాను.

"రోజూ వందసార్లు సేత్తో నొక్కలేం కదత్తా. స్క్రిప్టు రాసి పెట్టీసేను. సెలీనియం అని ఒకటున్నాది. అదే పేరు కొడతాది, అదే టోకెన్ తీస్తాది, అదే పిలుస్తాది. సరిగ్గా పిలిస్తే పచ్చగీత, తప్పితే ఎర్రగీత. ఆకర్ని అన్ని పేర్లూ అదే తుడిసెస్తాది."

"మరి తెర మీద ఏటీ కనపడదేటి?"

"కనపడకుండా కూడా నడపొచ్చు. హెడ్‌లెస్ అంటారు. తల లేకుండా."

"ఛీ! దీపాలేళ అవేం మాటలే."

ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ పరీక్షకు రోగుల పేర్లు కావాలి. నిజమైన మనుషుల వివరాలు వాడకూడదట. "ఉత్తుత్తి పేర్లు సెప్పండత్తా" అంది. మా ఇంటి పెద్దల పేర్లు, ఎవరు ఎప్పుడు ఎలా పోయారో, నాలుగు తరాలవి నా నోటిమీద ఉంటాయి. "సచ్చినోళ్ళ పేర్లయితే ఎవరికీ నష్టం లేదు కదే" అని ఇరవై ఒక్క పేర్లు రాయించాను.

రాయించకుండా ఉండాల్సింది.

అమావాస్యనాడు పెద్దల్ని పేరుపేరునా పిలిచి ఆకు వేస్తాం. అన్నం, నీళ్ళు పెట్టాక, గడప దగ్గర చెంబుతో నీళ్ళు వదిలి "ఎల్లి రండి" అని సాగనంపాలి. పిలిచి పంపకపోతే ఉండిపోతారని మా అత్త గున్నమ్మ చెప్పేది. ఆ మధ్యాహ్నం అంతా పద్ధతిగానే చేశాను. అందరినీ పంపేశాను.

సాయంత్రం ఆ యంత్రం వాళ్ళను మళ్ళీ పిలిచింది.

అంతవరకు అరుణశ్రీ శబ్దం రాకుండా దాని గొంతు కట్టేసి నడిపేది. ఆ వేళ మాత్రం గొంతు కూడా పరీక్షించి, ఎనిమిదింటికల్లా పై ఉద్యోగి యమునకు రిపోర్టు పంపాలి.

"టోకెన్ నంబరు ఒకటి. అప్పలనరసయ్య. లోపలికి రండి."

ఆడగొంతు. మెత్తగా ఉంది. ఎక్కడా ఊపిరి తీసుకోదు.

వీధరుగు మీద పాత బల్ల కిర్రుమంది. పిల్లేమో అనుకున్నాను.

"టోకెన్ నంబరు రెండు. సూరమ్మ. లోపలికి రండి."

బల్ల మళ్ళీ కిర్రుమంది. ఎవరో జరిగి చోటిచ్చినట్టు.

మూడు. నాలుగు. లక్ష్ముడు. తాతమ్మ. పొలం నుంచి వచ్చిన కాళ్ళకుండే తడి బురద వాసన ఇంట్లోకి వచ్చింది. తొమ్మిదో టోకెన్‌కి మా అత్త పేరు పిలిచింది. మరుక్షణం చుట్ట వాసన. మా అత్త నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చేది. ఆవిడ పోయాక ఈ ఇంట్లో చుట్ట వెలిగించినవాళ్ళు లేరు.

నేను దేవుడి ముందు నుంచి లేవలేదు. వేళ్ళ మీద లెక్కపెడుతున్నాను. పంతొమ్మిది... ఇరవై... ఇరవై ఒకటి.

అయిపోయింది. ఇక తుడిచేస్తుంది. వెళ్ళిపోతారు.

"టోకెన్ నంబరు ఇరవై రెండు."

నా చేతిలో నూనెగిన్నె ఒలికింది.

"గురమ్మ. లోపలికి రండి."

ఆ పేరు నేను చెప్పలేదు...

గురమ్మ నా ఆడపడుచు. పెళ్ళికాకుండా నెల తప్పింది. పరువు పోతుందని ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. నలభై ఏళ్ళ కిందట అదే పెరటి గదిలో నొప్పులు పడింది. కేకలు వీధికి వినపడతాయని మా అత్త బయట గడియ పెట్టమంది. నేను కొత్త కోడల్ని. పెట్టాను. తెల్లారేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు. ఆ పేరు ఇంట్లో పలకొద్దన్నారు. ఏ అమావాస్యకీ నేను ఆమెకు ఆకు వేయలేదు.

గోడ పట్టుకుని పెరటి గది దాకా వెళ్ళాను. వాము వాసన... వేపాకు పొగ... పురిటిగది వాసన.

తలుపుకు బయట గడియ పెట్టి ఉంది.

"అమ్మీ... అరుణా?"

"అత్తా," లోపల్నుంచి గుసగుస. "గడియ ఎందుకేసారు?"

"నేనెయ్యలేదే."

"తొందరగా తియ్యండి... ఇక్కడెవరో మూలుగుతన్నారు."

గడియ లాగాను. రాలేదు. ఇనుము మంచులా ఉంది. రెండు చేతులతో లాగాను. కదల్లేదు. అప్పుడు లోపల ఆ యంత్రం, అదే మెత్తటి గొంతుతో...

"వదినా. గడియ తియ్యి."

"తీస్తన్నానమ్మా," అన్నాను. "గురమ్మా... తీస్తన్నాను."

గడియ దానంతటదే జారింది.

అరుణశ్రీ గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని కూర్చుంది.

"బిడ్డ?" అన్నాను.

"కదులుతన్నాది."

తెర మీద ఇరవై ఒక్క పచ్చగీతలు. ఇరవై రెండో దానికి పచ్చా లేదు, ఎరుపూ లేదు, పరీక్ష అక్కడే ఆగిపోయింది. గురమ్మ. వయసు పంతొమ్మిది. వచ్చిన పని: కాన్పు.

"నేను రాయలేదత్తా ఇది. ఎవరీ గురమ్మ?" ఆమె వేలు మీట మీదికి వెళ్ళింది. "తుడిసెయ్యనా?"

"వద్దు! పిలిచి, పట్టెడన్నం పెట్టకుండా గెంటకూడదు."

రిపోర్టు పంపలేదు. ఉద్యోగం పోతే పోనీ అంది ఆ పిల్ల. దేవుడి దగ్గర ఇద్దరం చేతులు పట్టుకుని కూర్చున్నాం. తెల్లారే దాకా అరుగు మీద బల్ల కిర్రుమంటూనే ఉంది.

పొద్దున్న ధర్మేంద్ర వచ్చాడు. ఇద్దరి ముందూ అంతా చెప్పేశాను. వాడు స్క్రూడ్రైవరు తెచ్చి ఆ గడియ ఊడదీసి పారేశాడు. ఇరవై రెండు ఆకులు వేశాను. మొదటి ఆకు గురమ్మకి. పసుపు చీర పెట్టి, పేరుపెట్టి పిలిచి ఏడ్చాను. తర్వాత గడప దగ్గర ఒక్కొక్కరికీ నీళ్ళు వదిలాను. ఎల్లి రండి... ఎల్లి రండి...

నేను వదులుతుంటే, అరుణశ్రీ కంప్యూటరు గడప దగ్గరకే తెచ్చుకుని ఒక్కో పేరూ తుడిచింది. ఇరవై రెండూ పోయాయి. తేలిగ్గా ఊపిరి తీసుకోబోయాను.

"అత్తా. ఇంకోటున్నాది."

టోకెన్ ఇరవై మూడు. పేరు దగ్గర ఖాళీ. వయసు సున్న.

"పేరు లేకుండా టోకెన్ రాకూడదత్తా," అరుణశ్రీ తెర నా వైపు తిప్పింది. "నేను మొదట రాసిన టెస్టే అది."

గొంతు కట్టేసే ఉంది. అయినా పలికింది.

"టోకెన్ నంబరు ఇరవై మూడు." పేరు ఉండాల్సిన చోట చిన్న నిశ్శబ్దం. "లోపలికి రండి."

గురమ్మ బిడ్డకు ఎవరూ పేరు పెట్టలేదు. అరుణశ్రీ కడుపులో ఉన్నదానికీ ఇంకా పేరు లేదు.

చెంబులో ఒక్కరికి సరిపడా నీళ్ళు మిగిలాయి. ఆ ఇద్దరిలో ఎవర్ని పంపేస్తానో తెలియక నేను వదల్లేదు. చెంబు గడప లోపలే దించేశాను.