వద్దుల గదిలో ఊగుడు స్టూలు

ఆ వీధి చివర ఒక గది ఉంది. ఒకప్పుడు అందులో కాపలావాడు ఉండేవాడట. ఇప్పుడు కాపలావాడూ లేడు, అతను కాపలా కాసిన గేటూ లేదు. తలుపు సగం ఊడి వేలాడుతూ ఉంటుంది. లోపల బల్బు మాడిపోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. దాన్ని వీధివాళ్ళు వద్దుల గది అంటారు. ఇంట్లో వద్దనుకున్న వస్తువేదైనా శనివారం సాయంత్రం అక్కడ పెట్టేసి వస్తే, ఆదివారం తెల్లారగానే పాత సామాన్ల లారీ వచ్చి ఎత్తుకుపోతుంది.

అంతవరకూ బాగానే ఉంది. ఆ మధ్యలో వచ్చే శనివారం రాత్రే... బాగుండదు.

నెత్తిన ముసుగేసుకున్న ఆకారమొకటి అక్కడ తిరుగుతుందని పాలు పోసే ఆవిడ చెప్పింది. అది దేన్నో గుండెకి హత్తుకుని వెక్కివెక్కి ఏడుస్తుందని పేపర్లు వేసే అతను చెప్పాడు. సాయంత్రం పెట్టిన సామానులో సగం తెల్లారేసరికి మాయమైపోతోందని లారీ డ్రైవరే ఒట్టేసి మరీ చెప్పాడు.

వీధి మొత్తంలో నమ్మనిది సైన్సు మాస్టారొక్కరే. "దెయ్యానికి బరువుండదు. బరువే లేనిది బరువులెలా మోస్తుందయ్యా?" అని నిలదీసేవారు. మాస్టారు మీసం సవరించుకునేవారు.

తర్వాత జరిగిందంతా ఆయనే నలుగురిలో చెప్పుకున్నారు. తన గురించి చెప్పుకునేటప్పుడు ఎవరైనా పరువు తక్కువ సంగతులు కాస్త మింగేస్తారు. ఆయన ఒక్కటీ మింగలేదు.

ఇల్లు తేలికైతే మనసు తేలికవుతుందని మాస్టారు ఎక్కడో చదివారు. చదివినవాళ్ళు ఊరుకోవచ్చు కదా! ఊరుకుంటే ఆయన మాస్టారెందుకవుతారు? పెద్ద కాగితం మీద మూడు గడులు గీసి ఫ్రిజ్ తలుపుకి అంటించారు. వస్తువు. చివరిసారి వాడింది ఎప్పుడు. వాడింది ఎవరు. ఏడాది దాటితే వద్దుల గదికి. కింద ఎర్ర సిరాతో 'మినహాయింపులు లేవు' అని రాసి, రెండుసార్లు గీత కూడా గీశారు.

మొదటి దెబ్బ భార్య దాచుకున్న రేకు డబ్బా మీద పడింది. నిండా తాళంచెవులు.

"ఇవెక్కడివి?"

"మనం అద్దెకున్న ఇళ్ళవి. ఏడిళ్ళవీ ఉన్నాయి."

"ఆ ఇళ్ళిప్పుడు మనవా?"

"కాదు."

"మళ్ళీ వెళ్తామా?"

"వెళ్ళం."

"మరి?"

ఆవిడ మాట్లాడలేదు. మాస్టారు గెలిచాననుకున్నారు. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా, ఆవిడ మాట్లాడకపోతే గెలిచినట్టు కాదని ఆయనకింకా తెలీలేదు.

రెండో దెబ్బ ఊగుడు స్టూలు మీద. కాగితంలో ఆయన ఇలా రాశారు: 'ఊగుడు స్టూలు. ఏడేళ్ళ కిందట. నాన్న.' పక్కనే టిక్కు పెట్టేశారు. చెయ్యి కొంచెం కూడా వణకలేదు. తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆయనకి అన్నిటికన్నా సిగ్గనిపించింది అదే.

మాస్టారి నాన్న వడ్రంగి. ఆయన బిగించిన తలుపు సందులోంచి చీమ కూడా దూరేది కాదని పేరు. అంతటివాడూ ఒక్క వస్తువు మాత్రం వంకరగా చేశాడు. ఆరేళ్ళ కొడుక్కి వాష్ బేసిన్ అందడం లేదని, పని నుంచొచ్చి అలసటలోనే రాత్రికి రాత్రి ఆ స్టూలు కొట్టాడు. ఒక కాలు పొట్టిదైంది. "ఆదివారం సరిచేస్తాలేరా" అన్నాడు. ఆ ఆదివారం నలభై ఏళ్ళయినా రాలేదు.

కొడుక్కి బేసిన్ అందాక స్టూలు గుమ్మం పక్కకి చేరింది. సాయంత్రం పని నుంచి రాగానే నాన్న దాని మీదే కూర్చుని చెప్పులు విప్పేవాడు. విప్పాక కూడా కాసేపు అలాగే ఊగేవాడు. టక్... టక్. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ టక్... టక్. లోపల చదువుకుంటున్న పిల్లాడికి ఆ చప్పుడు వినిపిస్తే నాన్న వచ్చేశాడని అర్థం. ఇక భయం లేదని అర్థం.

అలాంటి స్టూలుని ఆ శనివారం సాయంత్రం మాస్టారు తాళంచెవుల డబ్బాతో పాటు చంకలో పెట్టుకెళ్ళి, వద్దుల గది మధ్యలో దించి, చేతులు దులుపుకుని వచ్చారు.

రాత్రి పదకొండున్నర. ఇల్లు తేలికైంది, మనసూ తేలికై ఉండాలి. మరి నిద్రేదీ? అటు దొర్లారు... ఇటు దొర్లారు. కాస్త కునుకు పట్టి, అంతలోనే మెలకువ వచ్చేసింది. గుమ్మం పక్కనున్న ఖాళీ చోటు పక్క మీద నుంచే కనిపిస్తోంది. తెల్లారితే లారీ. లారీ ఎక్కాక ఆ స్టూలు ఎక్కడ ఎవరి పొయ్యిలోకి పోతుందో! లేచారు.

పక్క మంచం మీద దుప్పటి కుప్పగా ఉంది. భార్య లేస్తే పరువు పోతుంది. పిల్లిలా అడుగులేసుకుంటూ బయటపడ్డారు. ఎవరైనా గుర్తుపడతారేమోనని తువ్వాలు తీసి నెత్తిన ముసుగేసుకున్నారు. తాను ఎలా కనిపిస్తున్నారో ఆ క్షణంలో ఆయనకి తట్టలేదు.

వీధిలో కుక్క కూడా మొరగలేదు. గది దగ్గరపడింది. చేతిలో టార్చి ఉన్నా వెలిగించలేదు. తలుపు మీద చెయ్యి వేశారు—

టక్... టక్.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

టక్... టక్.

గాలా? ఆకు కూడా కదలడం లేదు. భూకంపమా? ఆయన మెదడు తొమ్మిదో తరగతి పాఠాలన్నీ వరసగా తిరగేసింది. ఒక్కటీ పనికి రాలేదు. ఆ రెండు చప్పుళ్ళ మధ్య ఆ ఆగడం... అది ఆయనకి తెలుసు. లోకంలో ఇంకెవరూ అలా ఊగరు.

"నాన్నా..." తలుపు సందుకి మొహం ఆనించి మళ్ళీ అన్నారు. "నాన్నా... తప్పయిపోయింది."

చప్పుడు ఆగింది. వింటున్నట్టే ఆగింది.

"ఏడాది నుంచి ఎవరూ వాడలేదని రాశాను నాన్నా. నువ్వు లేవు కదా, ఎవరు వాడతారు? అది కూడా ఆలోచించలేదు. పిల్లలకి పాఠాలు చెబుతాను... బుర్ర మాత్రం లేదు. దాన్ని చూస్తే నువ్వు లేవని గుర్తొస్తోంది, అందుకే అడ్డం తీసేశాను. కాగితం, గడులు అంతా నాటకం. ఇంటికి తీసుకుపోతాను. కోప్పడకు..."

చీకట్లో ఎవరో వెక్కారు.

మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. టార్చి నొక్కారు. గోడకి అతుక్కుని ముసుగేసుకున్న ఆకారం ఒకటి! దేన్నో గుండెకి హత్తుకుని ఏడుస్తోంది.

"మీరా!" అంది ఆకారం.

"నువ్వా!" అన్నారు మాస్టారు.

భార్యే. చేతిలో తాళంచెవుల డబ్బా. ఇంట్లో దుప్పటి కింద ఉన్నవి రెండు దిళ్ళు.

"మేం కూడా ఉన్నామండీ మాస్టారూ" అంది విరిగిన బీరువా వెనకనుంచి ఇంకో గొంతు. టార్చి అటు తిప్పారు. మొట్టమొదట కొనుక్కున్న, ఇప్పుడు తుప్పు పట్టిన కత్తెర పట్టుకుని టైలరమ్మ. ఆవిడ వెనక, పాడైపోయిన రేడియో చంకలో పెట్టుకుని, లైన్‌మాన్‌గా రిటైరైన పెద్దాయన, వీధికంతా బాబాయిగారు. ఇద్దరికీ నెత్తిన ముసుగులే. ముగ్గురూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. నాలుగో దొంగ చేతిలో టార్చి ఉంది, అంతే తేడా.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు మాస్టారు.

"నాకిది మూడో శనివారం" అంది టైలరమ్మ. "బాబాయిగారు మాకందరికీ సీనియర్."

"ఇంట్లో పోరు పడలేక సాయంత్రం తెచ్చి పెట్టేస్తాను. రాత్రికి మనసొప్పదు" అన్నారు బాబాయిగారు. "రేడియోకిది అయిదో ప్రయాణం."

"అయితే... నేనన్నదంతా విన్నారా?"

"విన్నాం" అంది టైలరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "బాగా చెప్పారండీ."

వీధిని ఇన్నాళ్ళు వణికించిన దెయ్యాలు ఇవీ. దెయ్యానికి బరువుండదన్న పెద్దమనిషి స్టూలు భుజానికెత్తుకుని, తన మాట తనకే గుర్తొచ్చి, ఫక్కున నవ్వారు. అందరూ నవ్వారు. డబ్బాలో తాళంచెవులు గలగలమంటుంటే, నలుగురూ ముసుగులు తీసేసి వీధిలోకి నడిచారు.

సగం దూరం వచ్చాక మాస్టారు భార్యతో అన్నారు. "అంత చీకట్లో స్టూలెక్కి ఊగడమేమిటి నువ్వు? గుండె ఆగినంత పనైంది."

"నేనెక్కడ ఊగాను? గోడకి అతుక్కుపోయి ఉంటే! బాబాయిగారనుకున్నాను."

"ఈ మోకాళ్ళతోనా?" అన్నారు బాబాయిగారు. "అంత కిందికి కూర్చుంటే మళ్ళీ లేపేదెవరు? టైలరమ్మనుకున్నాను."

"నేను..." టైలరమ్మ గొంతు సన్నబడింది. "నేను మాస్టారే అనుకున్నా."

నలుగురూ ఆగారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

"ఎలుక" అన్నారు మాస్టారు చివరికి.

"ఎలుకే" అన్నారు ముగ్గురూ. ఆ తర్వాత అందరి నడకా వేగం పుంజుకుంది.

ఇంటికొచ్చి స్టూలుని గుమ్మం పక్కన, ఎప్పటి చోటులోనే పెట్టారు. తెల్లారాక లారీ వచ్చి, సగం సామానుతో వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. మాస్టారు పెన్ను తీసుకుని ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళారు. ముందు 'మినహాయింపులు లేవు' అన్నది కొట్టేశారు. తర్వాత ఊగుడు స్టూలు వరసలో 'ఏడేళ్ళ కిందట' కొట్టేసి 'నిన్న రాత్రి' అని రాశారు.

పెన్ను మూడో గడి మీదికి వచ్చి నిలబడింది. వాడింది ఎవరు?

"ఎలుక అని రాయరా?" అంది వెనకనుంచి భార్య, మెల్లగా.

ఆ గడిలో 'నాన్న' అని ఉంది. మాస్టారు పెన్నుకి మూత పెట్టేశారు. అది మాత్రం దిద్దలేదు.